ఖాన్‌దాదా, అస్లాం భాయ్: జానీ లీవర్ హాస్యంలో అనుకరణ లక్ష్యం

వ్యాససంగ్రహం:
కర్మాగారంలో అధికారులను అనుకరించి పేరు పొందిన తెలుగు శ్రామికుడు హిందీ సినిమా హాస్యనటుడైనప్పుడు ఆయన అనుకరణకు లక్ష్యం మారిపోయింది. జానీ లీవర్ పోషించిన మూడు పాత్రల ఆధారంగా ఆ మార్పును ఈ వ్యాసం పరిశీలిస్తుంది. మూడవ పాత్రకు మూలం తెలుగు సినిమాలో ఉండటం వల్ల బ్రహ్మానందం నటనతో పోలిక అనివార్యమైంది.

కీలకపదాలు: జానీ లీవర్, అనుకరణ, హాస్యరసం, వలస, మనీ, బ్రహ్మానందం.

1. రెండు రకాల అనుకరణ

జానీ లీవర్ అసలు పేరు జాన్ ప్రకాశరావు జనుమల. 1957 ఆగస్టు 14న కనిగిరిలో ఒక తెలుగు క్రైస్తవ కుటుంబంలో జన్మించి, బొంబాయిలోని ధారావిలో పెరిగారు. పేదరికం వల్ల ఏడవ తరగతితో చదువు ఆగిపోయింది. సినిమా నటుల గొంతులను, నడకలను అనుకరిస్తూ వీధుల్లో పెన్నులు అమ్మారు. తరువాత తండ్రి పనిచేస్తున్న హిందుస్థాన్ లీవర్ కర్మాగారంలోనే కార్మికుడిగా చేరారు. అక్కడ ఒక వేడుకలో పై అధికారులను అనుకరించినప్పుడు తోటి కార్మికులు ఆయనకు కంపెనీ పేరు తగిలించారు. ఇంటిపేరు మరుగునపడి, కర్మాగారం పేరు నిలిచింది.

ఆయన జీవితాన్ని చెప్పిన వారందరూ ఈ రెండు ఘట్టాలను పేదరికం నుంచి కీర్తికి ఎదిగిన కథలో రెండు మెట్లుగానే చూపుతారు. వాటి మధ్య భేదం చాలా ఉంది. పెన్నులు అమ్మేటప్పటి అనుకరణ నటుడి ఆకర్షణను అరువు తెచ్చుకుంటుంది. చూసేవారికి ఆ నటుడంటే అభిమానం. ఆ అభిమానమే బేరానికి పెట్టుబడి. కర్మాగారంలోని అనుకరణకు ప్రేక్షకులు అధికారి కింద పనిచేసేవారు. అనుకరించబడే వ్యక్తి ఎదురుగానే ఉన్నాడు. అతని మాట విరుపు, నడక, హుందాతనం శ్రామికుడి శరీరంలోకి వచ్చేసరికి అవి కేవలం అలవాట్లని తేలిపోతుంది. మన పగటివేషగాళ్ళు ఊరిపెద్దల వాకిట నిలబడి లోకరీతిని వేళాకోళం చేసిన పద్ధతి ఇక్కడ గుర్తుకు రాక మానదు. ఇది వారసత్వమని చెప్పడానికి ఆధారం లేదు గనుక పోలికగా మాత్రమే ప్రస్తావిస్తున్నాను.

భరతుడు నాట్యశాస్త్రం ఆరవ అధ్యాయంలో శృంగారానికి అనుకృతి హాస్యమన్నాడు. అభినవగుప్తుడు దీన్ని విస్తరించి, ఏ రసమైనా అనౌచిత్యంతో ఆభాసగా మారినప్పుడు హాస్యం పుడుతుందని వివరించాడు. ఈ దృష్టితో చూస్తే కర్మాగార వేదిక మీద ఆభాసగా మారింది అధికారమే.

2. వేదిక నుంచి తెరకు

కల్యాణ్‌జీ-ఆనంద్‌జీ సంగీత ప్రదర్శనల బృందం ఆయనను పెద్ద వేదికలకు పరిచయం చేసింది. 1981లో ఉద్యోగం వదిలారు. సునీల్ దత్ 'దర్ద్ కా రిష్తా' (1982)లో అవకాశమిచ్చారు. 'జల్వా' (1987) గుర్తింపు తెచ్చింది. అయితే సామాన్య ప్రేక్షకుడి జ్ఞాపకంలో ఆయనను స్థిరపరచింది 'బాజీగర్' (1993)లోని మతిమరుపు నౌకరు బాబూలాల్.

బాబూలాల్ దగ్గరే చిక్కు మొదలవుతుంది. కర్మాగారంలో కార్మికుడు అధికారిని చూపి నవ్వించాడు. ఇక్కడ నౌకరు తన లోపాన్నే చూపి నవ్విస్తాడు. నవ్వు దిశ తలక్రిందులైంది. ఈ లోపాన్ని నటుడి మీద మోపలేము. ఆ సినిమాలో తన హాస్యాన్ని చాలావరకు తానే అప్పటికప్పుడు అల్లుకున్నానని ఆయనే ఇంటర్వ్యూలలో చెప్పారు. కథతో సంబంధం తక్కువగా ఉండే హాస్యభాగాన్ని నటుడి చేతిలో పెట్టి తప్పుకొనే పద్ధతి ఆనాటి హిందీ సినిమాలో సాధారణం. నటుడికి దొరికిన ఆ స్వేచ్ఛ, నిజానికి రచయిత చేసిన నిర్లక్ష్యం.

'కుచ్ కుచ్ హోతా హై' (1998)లోని కల్నల్ అల్మీడా పాత్ర నిడివి తక్కువ. పిల్లల వేసవి శిబిరాన్ని నడుపుతూ ఇంగ్లాండు మోజులో బతికే పెద్దమనిషి అతడు. బిగిసిన నడుము, అరువు తెచ్చుకున్న దర్జా చూస్తే కర్మాగారం నాటి పాత లక్ష్యం క్షణకాలం తిరిగి వచ్చినట్లనిపిస్తుంది. విమర్శకులు ఈ పాత్రను దాదాపు పట్టించుకోలేదు. నా దృష్టిలో బాబూలాల్ కంటే అల్మీడాయే ఆయన తొలి కళకు దగ్గర.

3. ఖాన్‌దాదా, అస్లాం భాయ్

శివనాగేశ్వరరావు దర్శకత్వం వహించిన 'మనీ' (1993)కి ఇ. నివాస్ తీసిన హిందీ రూపం 'లవ్ కే లియే కుచ్ భీ కరేగా' (2001). సినిమా హీరో కావాలని కలలుగనే రౌడీ ఖాన్‌దాదా అందులో అస్లాం భాయ్ అయ్యాడు. ఇద్దరు నటులూ తెలుగు నేల మీద పుట్టినవారే, ఇద్దరూ మిమిక్రీ తెలిసినవారే. బ్రహ్మానందం అత్తిలిలో తెలుగు అధ్యాపకులు కూడా. మన వృత్తివారు గనుక ఆ మాట చెప్పుకోవడంలో కొంత పక్షపాతం ఉంటే ఉండవచ్చు.

పాత్ర ఒకటే అయినా నటనా మార్గాలు వేరు. ఖాన్‌దాదాకు తాను నవ్వులపాలవుతున్నానని తెలియదు. తాను గొప్ప నటుడినన్న నమ్మకాన్ని బ్రహ్మానందం ఎక్కడా సడలనివ్వరు. ఆ గంభీరతే హాస్యానికి మూలం. జానీ లీవర్ ముందున్న సమస్య క్లిష్టమైనది. అనుకరణలో ఆరితేరిన నటుడు అనుకరణ చేతకానివాడిని నటించాలి. తన నైపుణ్యాన్ని అణచుకోవాలి. కొన్నిచోట్ల అది అణగదు; గొంతు మారగానే అస్లాం భాయ్ తెర మీది నుంచి జారిపోయి, వేదిక మీది జానీ లీవర్ కనిపిస్తారు. పాత్ర ఏకత విషయంలో ఖాన్‌దాదాదే పైచేయి.

కానీ 'సత్య' (1998) తరువాత బొంబాయి నేరసామ్రాజ్యం హిందీ తెర మీద భయానక వైభవాన్ని సంతరించుకుంది. అలాంటి సమయంలో ఆ 'భాయ్' దర్జాను ధారావిలో పెరిగిన నటుడు ఆభాసగా మార్చడంలో ఉన్న పదును ఖాన్‌దాదాకు లేదు. అక్కడ నవ్వు మళ్ళీ అధికారం మీదికే తిరిగింది.

4. వినబడని తెలుగు

బొంబాయి నిర్మాణంలో తెలుగు కూలీల పాత్రకు కామాఠీపురా పేరే సాక్ష్యం. మూడు వందలకు పైగా సినిమాలలో నటించిన ఈ వలస కుటుంబపు బిడ్డ ముఖ్యపాత్రలలో ఇంటిభాష జాడ లేదు. మన వలస సాహిత్య పరిశోధన కథను, కవితను, పాటను వెదికినంతగా హాస్యవేదికను వెదకలేదు. సినిమాలలో స్థిరపడకముందు ఆయన హాస్యం 'హసీ కే హంగామే' పేరుతో క్యాసెట్లుగా వచ్చింది. ఆంగికం తొలగిపోయి వాచికం మాత్రమే మిగిలిన ఆ ధ్వనిపాఠాన్ని, అందులోని యాసలు ఎవరివో, నవ్వు ఎవరి మీదో గుర్తిస్తూ అక్షరబద్ధం చేయవలసి ఉంది. బాబూలాల్ కంటే ముందున్న ప్రకాశరావును వెదకడానికి అంతకంటే దగ్గరి ఆకరం కనిపించదు.