జరగని సభకు రాసిన ప్రసంగం

లాహోర్‌లోని జాత్-పాత్ తోడక్ మండల్ 1936లో జరగాల్సిన తన వార్షిక సభకు అధ్యక్షత వహించమని అంబేద్కర్‌ను పిలిచింది. కులం పోవాలని కోరుకునే హిందూ సంస్కర్తల సంస్థ అది. ప్రసంగ పాఠంలో వేదశాస్త్రాల మీద ఉన్న విమర్శ చూసి నిర్వాహకులు జంకారు, కొన్ని భాగాలు తీసేయమన్నారు. కామా కూడా మార్చనని ఆయన జవాబు రాశారు. సభ రద్దయింది. ఆ ఏడాది మే నెలలోనే ఆయన సొంతంగా 1500 ప్రతులు వేయించి ఎనిమిదణాల ధర పెట్టారు. రెండు నెలల్లో అన్నీ చెల్లిపోయాయి. తెలుగువాళ్లం ‘కుల నిర్మూలన’ అని పిలుచుకునే పుస్తకం అదే.

ఈ కథ తెలియనివారు తక్కువ. ఆ పుస్తకంలోని ఆగ్రహం గురించీ చాలామంది రాశారు. నన్ను పదేపదే దాని దగ్గరికి రప్పించేది మాత్రం అందులోని వాదం కట్టుబడి. ఎదుటివాడు ఏ నేల మీద నిలబడి మాట్లాడుతున్నాడో ముందు చూసుకోవడం, అక్కడికే వెళ్లడం, అతను ఒప్పుకున్న మాటలతోనే అతన్ని నిలదీయడం ఆసాంతం పాటించిన పద్ధతి. అందుకే శాస్త్రాల జోలికి పోకముందే ఆయన రాజకీయ పక్షంతో లెక్క తేల్చుకుంటారు. అధ్యక్ష స్థానానికి తన అర్హత గురించి నాలుగు మాటలు అయ్యాయో లేదో, మనల్ని కాంగ్రెస్ పందిట్లోకి తీసుకెళతారు.

1885లో కాంగ్రెస్ పుట్టింది, 1887లో సోషల్ కాన్ఫరెన్స్. మొదటిది రాజకీయ హక్కులకు, రెండోది సంఘ సంస్కరణకు. కొన్నేళ్లు రెండు సభలూ ఒకే పందిట్లో జరిగాయి. 1895లో పుణె కాంగ్రెస్ నాటికి సంస్కరణ అంటే గిట్టనివాళ్లు, సోషల్ కాన్ఫరెన్స్‌కు చోటిస్తే పందిరి తగలబెడతామని బెదిరించారు. అక్కడితో దారులు వేరయ్యాయి. ఒక పక్షం దేశమంతా పెరిగింది, రెండోది కనుమరుగైంది. ‘ముందు స్వరాజ్యం, కులం సంగతి తర్వాత’ అన్న మాట 1936లో, రాష్ట్రాల ఎన్నికలు ముంగిట ఉన్న రోజుల్లో, చదువుకున్నవాళ్లలో బాగా చెల్లుబాటవుతోంది. అంబేద్కర్ దాన్ని సిద్ధాంతంతో ఖండించరు. ఆ మాట ఎలా గెలిచిందో చెప్పి, గెలిచినంత మాత్రాన అది నిజమైపోదని చూపడానికి పూనుకుంటారు.

ఇక్కడే ఈ రచనలో నాకు అన్నిటికంటే ఇష్టమైన పనితనం ఉంది. వరసగా ఘటనలు చెబుతారు. పేష్వాల పుణెలో అంటరానివాళ్లు తమ అడుగుజాడలు చెరిగిపోయేలా నడుముకు చీపురు, ఉమ్మి నేల మీద పడకుండా మెడలో ముంత కట్టుకుని నడవాల్సి రావడం. 1928లో ఇండోర్ ప్రాంతంలో బలాయీలనే అంటరాని కులంవారు ఏ బట్టలు, ఏ నగలు వేసుకోకూడదో గ్రామ పెద్దలు ఆంక్షలు పెట్టి, కాదన్నవారికి బావి నీళ్లు బంద్ చేయడం. ఇది చెప్పేటప్పుడు పత్రిక పేరు, తేదీ కూడా ఇస్తారు. గుజరాత్‌లోని కవిఠాలో పిల్లల్ని బడికి పంపినందుకు, జైపూర్ సంస్థానంలోని చక్వారాలో విందులో నెయ్యి వడ్డించినందుకు జరిగిన దౌర్జన్యాలు. ఆ తర్వాత రాజకీయం మాట్లాడే హిందువులను ఐదు ప్రశ్నలు అడుగుతారు. సాటి మనుషులను బడిలోకి, బావి దగ్గరికి, వీధిలోకి రానివ్వని మీరు, నచ్చిన బట్ట కట్టుకోనివ్వని, నచ్చిన తిండి తిననివ్వని మీరు అధికారానికి అర్హులా అని వాటి సారం. తొలిసారి చదివినప్పుడు ఆ పునరుక్తి సభారంజకమైన ఫక్కీ అనిపిస్తుంది. వెనక్కి తిప్పి చూడండి: బడి కవిఠాది, వీధి పుణెది, బావి, బట్ట బలాయీలవి, తిండి చక్వారాది. ఒక్కో ప్రశ్నకు ఒక్కో సాక్షి ముందే బోనెక్కి వెళ్లాడు. వెంటనే, ఒక దేశం మరో దేశాన్ని ఏలడానికి తగదని ఆంగ్ల తత్వవేత్త మిల్‌ను ఉటంకించే కాంగ్రెస్‌వాదులు, ఒక వర్గం మరో వర్గాన్ని ఏలడానికీ తగదని ఒప్పుకోక తప్పదంటారు.

ఓడిపోయిన సంస్కర్తలను కూడా ఆయన జాలితో వదిలెయ్యరు. వాళ్లు పట్టించుకున్నది పై కులాల కుటుంబాల్లోని వితంతు వివాహం, బాల్య వివాహం. కులం పునాదిగా కట్టిన సమాజాన్ని కాదు. అందుకే ఓడిపోయారంటారు. తెలుగు పాఠకుడికి ఇది తగలాల్సిన చోట తగులుతుంది. 1881లో రాజమండ్రిలో తొలి వితంతు వివాహం చేయించిన వీరేశలింగం పంతులు ఈ సంప్రదాయంవారే, 1898లో మద్రాసు సోషల్ కాన్ఫరెన్స్‌కు అధ్యక్షత వహించినవారే. ఆయన ధైర్యాన్ని గౌరవిస్తూనే ఆ విమర్శకు నేను తల ఊపుతాను.

తర్వాత ఐర్లాండ్ వస్తుంది. ప్రొటెస్టెంట్లకు ఏ రక్షణలు కావాలన్నా ఇస్తాం, ఐక్య ఐర్లాండ్‌కు ఒప్పుకోండని ఐరిష్ జాతీయవాద నేత రెడ్మండ్ అడిగితే, ఏ షరతుల మీదా మీ ఏలుబడి మాకొద్దని అల్‌స్టర్ ప్రొటెస్టెంట్ల నేత కార్సన్ తోసిపుచ్చిన సంగతి. మతవర్గాలకు వేరు నియోజకవర్గాలిచ్చిన 1932 కమ్యూనల్ అవార్డు మీద మండిపడుతున్న శ్రోతలకు, సామాజిక సమస్యను పక్కన పెట్టినవాళ్లకు అది రాజ్యాంగం రూపంలో ఎదురొస్తుందని చెప్పడానికి ఇంతకన్నా దగ్గరి దారి లేదు.

సోషలిస్టుల వంతు రాగానే ఆయన రోమ్‌కు వెళతారు. ఆస్తే అధికారమనే వాళ్లకు అక్కడి సామాన్యులైన ప్లెబియన్ల కథ చెబుతారు. తమవాడొకడు అత్యున్నత అధికారి అయిన కాన్సల్‌గా ఉండాలనే హక్కు ప్లెబియన్లు పోరాడి సాధించుకున్నారు. కానీ ఆయన చెప్పే ప్రకారం, ఎన్నికైనవాడు దేవతకు సమ్మతుడేనని డెల్ఫీ గుడి పలకాలి. అక్కడి పూజారులు పై వర్గపు పెట్రీషియన్లు. గట్టివాణ్ణి ఎన్నుకుంటే దేవత ఒప్పుకోలేదనేవారు. ప్లెబియన్లూ ఆ దేవత భక్తులే కాబట్టి తమ మనిషిని వదులుకున్నారే కానీ మతాన్ని వదులుకోలేదు. ఓటు ఉంది, సంఖ్య ఉంది, పదవి ఉంది. పదవిలో ఎవరుండాలో తేల్చే శక్తి మాత్రం ఇంకోచోట ఉంది. ఒక్క పేరాలో ఇంత ఇమిడ్చిన రాజకీయ రచన నేను మరొకటి చదవలేదు. రిజర్వుడు స్థానంలో టికెట్ ఎవరికివ్వాలో ఊరి పెద్దలు నిర్ణయించడం చూసినవారికి దీనికి వ్యాఖ్యానం అక్కర్లేదు.

చాతుర్వర్ణ్యం మీది అధ్యాయాలు బలమైనవే, వాటి గురించి ఇప్పటికే చాలా వ్యాఖ్యానం ఉంది. ఒక అతుకు మాత్రం నాకు పలచగా కనిపిస్తుంది. పురోహితులకు ప్రభుత్వ పరీక్ష, సనదు, సంఖ్యా పరిమితి పెట్టాలన్న ప్రతిపాదన, శాస్త్రాల ప్రామాణ్యాన్నే తెగ్గొట్టాలన్న వాదం పక్కన చిన్నదైపోతుంది.

1937లో రెండో కూర్పు వచ్చినప్పుడు, దీన్ని మామూలు వ్యాసంగా తిరగరాయమని అడిగినా ఆయన ప్రసంగ రూపాన్నే ఉంచారు. అది సరైన నిర్ణయం. ‘మీరు’ తీసేస్తే ఆ ఐదు ప్రశ్నలు చచ్చిపోతాయి. అప్పటికే గుజరాతీ, తమిళంలోకి అనువాదమైందని, మరాఠీ, హిందీ, పంజాబీ, మలయాళంలోకి అవుతోందని ముందుమాటలో రాశారు. అందులో తెలుగు లేకపోవడం నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది. గాంధీ తన ‘హరిజన్’ పత్రికలో చేసిన విమర్శను కూడా ఆ కూర్పులోనే అచ్చు వేసి, పక్కనే తన జవాబు పెట్టారు. ఎనిమిదణాలు ఎక్కువ, రెండణాలో నాలుగణాలో చేయండన్న సలహా కూడా ఆ విమర్శలోదే. ఆ విమర్శా, జవాబూ లేని ప్రతి మీ చేతికొస్తే అక్కడితో ఆగకండి, అవి ఉన్న ప్రతి సంపాదించి చదవండి.