సేమ్ టు సేమ్

పోయినేడు ధర్మవరంలో ఒక చీరల కొట్లో మా అక్క ఫోన్ తీసి ఒక ఫొటో చూపించింది, ఇది ఉందా అని. కొట్టాయన రెండు చీరలు తెచ్చి పరిచాడు. రెండూ అదే వంగపండు రంగు, అదే అంచు, కొంగులో అవే నెమళ్లు. ధర మాత్రం ఒకదానికి రెండోదానికంటే మూడింతలు. "ఏంటికన్నా ఇంత తేడా?" అంటే "అది మగ్గంది, ఇది పవర్‌లూమ్‌ది. చూసేకి సేమ్ టు సేమేనక్కా" అన్నాడు. ఏదీ దాచలేదు, ఆ మాట చెప్పాలి. కానీ ఆ 'సేమ్' నా తలలోంచి పోలేదు.

తెలుగులో మాట లేక ఈ మాట అరువు తెచ్చుకున్నాం అనుకుంటాం. నాకు తిరగేసి అనిపిస్తుంది. మనకు మాటలు ఎక్కువై తెచ్చుకున్నాం. అదే, అలాంటిదే, ఒకటే, ఒకేలా, సమానం: ఇందులో ఒకటి వాడాలంటే ముందు మనసులో ఒక విషయం తేల్చుకోవాలి. ఉన్న వస్తువు ఒకటా, రెండా? "మా అన్నా నేనూ ఒకే కారు నడుపుతాం" అంటే ఇంట్లో ఒక కారు ఉన్నట్టు. రెండుంటే "ఒకే రకం కారు" అనాలి. ఇంగ్లీషు సేమ్ ఆ రెండింటికీ సరిపోతుంది. జర్మన్‌లో ఈ రెండు అర్థాలకూ రెండు మాటలున్నాయి, అక్కడి బడి పంతుళ్లు ఇప్పటికీ వాటి తేడా దిద్దుతూ ఉంటారు. మన 'ఒకటే' కూడా మరీ అమాయకమైనదేం కాదు. "ఒకటే వాన" అన్నప్పుడు పోలిక అన్నదే లేదు, ఆగకపోవడం ఉంది. అయినా 'అదే'కీ 'అలాంటిదే'కీ మధ్య గీత మనకు గట్టిదే. సేమ్ వచ్చి ఆ గీతను చెరిపింది. తేల్చుకునే పని తప్పింది, అందుకే అంత సుఖంగా ఉంటుంది నోటికి.

పై పేరాలో నేను రాసింది చూడండి, "అదే అంచు" అని. అది అదే అంచు కాదు, అలాంటి అంచు. తెలుగు తెలిసినవాణ్ణి, నేనూ జారాను.

నా ఉద్యోగంలో ఇలా జారితే ప్రోగ్రాం తప్పుతుంది. జావాలో రెండు ఈక్వల్ గుర్తులు పక్కపక్కన పెట్టి రెండు ఆబ్జెక్టుల్ని పోలిస్తే, మెమరీలో ఇవి ఒకే వస్తువేనా అని అడిగినట్టు. లోపలి విలువలు ఒకటేనా అని అడగాలంటే ఈక్వల్స్ అనే మెథడ్ వేరే ఉంది. ఏయే గుణాలు కలిస్తే 'సమానం' అనాలో ఆ క్లాసు రాసినవాడు నిర్ణయిస్తాడు. కొట్టాయన రాసుకున్న ఈక్వల్స్‌లో రంగు, అంచు, కొంగు ఉన్నాయి. మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చున్న మనిషి లేడు.

తమాషా ఏమిటంటే మా వృత్తికి పూర్వీకుడు మగ్గమే. 1804లో ఫ్రాన్సులో జకార్డు చిల్లుల అట్టలతో డిజైన్ నడిపించాడు. తర్వాత చిల్లుల అట్టలే కంప్యూటర్లకూ మేతయ్యాయి. ఈ పక్క చేనేతకీ ఆ పక్క పవర్‌లూమ్‌కీ జకార్డే కాబట్టి నెమలి రెండుచోట్లా ఒకేలా దిగుతుంది. చిక్కంతా అక్కడే. 1985 నాటి చేనేత రిజర్వేషన్ చట్టం కొన్ని రకాల బట్టల్ని చేనేతకే కేటాయించింది. మొదట 22 రకాలు, తర్వాత 11కి తగ్గాయి. చీర ఆ జాబితాలో ఉంది. ధర్మవరం చేనేత పట్టుచీరకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. కొట్లో మాత్రం జనం అడిగేది సిల్క్ మార్క్. అది చెప్పేది పట్టు అసలుదా కాదా అని. నేసింది చెయ్యా, మోటారా అన్నది చెప్పదు. దానికి హ్యాండ్లూమ్ మార్క్ వేరు. "మార్క్ ఉంది కదా, రెండూ సేమ్" అనే మాటలో ఒక నేతగాడి నెల కూలి కొట్టుకుపోతుంది.

సాహిత్యంలో ఈ 'అదే' సంగతికి పెద్ద ఉదాహరణగా అందరూ బోర్హెస్ కథ చెబుతారు. 1939లో వచ్చింది. పియర్ మెనార్డ్ అనే కల్పిత రచయిత డాన్ కిహోటేలోని కొన్ని అధ్యాయాల్ని అక్షరం మారకుండా మళ్లీ 'రాస్తాడు', విమర్శకుడు అది మూలం కంటే గొప్పదంటాడు. చదివినప్పుడు నవ్వుకున్నాను. మనకు అంతకంటే మంచి ఉదాహరణ పెనుకొండలోనే ఉంది, అదీ కల్పన కాదు. పుట్టపర్తి నారాయణాచార్యులు చిన్నతనంలోనే 'పెనుగొండ లక్ష్మి' రాశారు. తర్వాత విద్వాన్ పరీక్షకు కూర్చుంటే ఆ పుస్తకమే పాఠ్యం. తన కావ్యం మీదొచ్చిన ఒక్క ప్రశ్నకే రాస్తూ రాస్తూ సమయం అయిపోయి ఆయన తప్పారని ఒక కథ ప్రచారంలో ఉంది. నిజమో కాదో గానీ నాకు నమ్మబుద్ధవుతుంది. పుస్తకం అదే, మనిషీ ఆయనే. రాసినవాడికి తెలిసినదంతా పరీక్ష రాసేవాడి మూడు గంటల్లో పట్టదు. మెనార్డ్‌లో వాక్యాలు అవే, రచయిత వేరు. ఇక్కడ రచయితే తన వాక్యాల ముందు ఇంకో పనిమీద కూర్చున్నాడు.

ఆ కావ్యం విషయమూ ఇదే కావడం నాకు ఆలస్యంగా తట్టింది. 1565 యుద్ధం తర్వాత విజయనగర రాజులు కొలువు పెట్టిన ఊరు పెనుకొండ. శతాబ్దాల తర్వాత ఒక కుర్రవాడు ఆ శిథిలాల మధ్య తిరిగాడు. కొండ అదే, కోట గోడలు అవే. అతను వెతికిన ఊరు మాత్రం అక్కడ లేదు. 'అదే' అనే మాట ఎంతవరకు ఓర్చుకుంటుందో ఆ దుఃఖంలో ఉంది. దాన్ని 'సేమ్ ప్లేస్' అనేస్తే ఏడవడానికి ఏమీ మిగలదు.

ఇంతా చెప్పి, సేమ్‌ను వెళ్లగొట్టమని నేనడగను. పండక్కి ఎవరైనా శుభాకాంక్షలు చెబితే నేనూ "సేమ్ టు యూ" అనే అంటాను, 'మీకూ' అంటే చాలని తెలిసినా.

అక్క చివరికి చవకది రెండు తీసుకుంది, ఆడబిడ్డలకు పెట్టడానికి. మగ్గం చీరను ఒకసారి తిరగేసి, లోపలివైపు వేలితో తడిమి, మడత సరిగా పెట్టి ఇచ్చేసింది. కొట్టాయన దాన్ని బీరువాలో పెట్టుకుంటూ, "మళ్లీ వచ్చేసరికి ఇది ఉండదక్కా, ఇట్లాంటిదైతే ఉంటాది" అన్నాడు.