పడిన రోజు నుంచి ముప్పై అయిదో రోజు దాకా

హిందూపురం, మదనపల్లె వైపు బాత్రూంలో జారిపడి తుంటి ఎముక విరిగిన పెద్దవాళ్లను చాలామంది బెంగళూరుకే తీసుకొస్తారు. ఇంట్లోవాళ్లు ముందుగా అడిగేది ఆపరేషన్ ఎప్పుడనే. కాలి సిరల్లో రక్తం గడ్డకట్టకుండా ఏం చేస్తున్నారని అడిగేవాళ్లు అరుదు. ఆ ముప్పు పడిన రోజే మొదలవుతుంది.

కాలిలో పుట్టిన గడ్డ తెగి ఊపిరితిత్తుల్లోకి చేరుతుందని 19వ శతాబ్దం మధ్యలో జర్మన్ వైద్యుడు రుడాల్ఫ్ విర్కో వివరించాడు. రక్తం నెమ్మదించడం, రక్తనాళం దెబ్బతినడం, రక్తానికి గడ్డకట్టే గుణం పెరగడం అని ఆయన పేరుమీద మూడు కారణాలు చెబుతారు. తుంటి విరిగి మంచాన పడ్డ మనిషిలో ఆ మూడూ ఒకేసారి ఉంటాయి. ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో సెవిట్, గాలగర్ అనే వైద్యులు ఇలాంటి 300 మందిలో సగం మందికి రక్తం పలచబరిచే మందిచ్చి, ప్రాణాలు నిలుస్తాయని 1959లోనే చూపించారు.

మనవాళ్లకు గడ్డలు కట్టవన్న నమ్మకం మాత్రం ఇక్కడ చాలాకాలం నిలిచింది. 2006-07లో దేశంలోని 10 ఆసుపత్రుల్లో ఈ గడ్డల ముప్పు, నివారణపై ఎండార్స్ అనే అధ్యయనం జరిగింది. ముప్పున్న శస్త్రచికిత్స రోగుల్లో 16.3 శాతానికే తగిన నివారణ అందిందని తేలింది. ఆ ఫలితాలు ప్రచురించినవారిలో అప్పటి హైదరాబాద్ నిమ్స్ వైద్యుడు పింజల రామకృష్ణ ఉన్నారు.

గడ్డలు కట్టకుండా చూసే పనిలో నేర్పంతా వేళ చూసుకోవడంలోనే ఉంది. రక్తం పలచబరిచే ఎనాక్సాపరిన్ 40 మిల్లీగ్రాముల ఇంజెక్షన్ ఇచ్చాక వెన్నులో మత్తు ఇవ్వాలంటే కనీసం 12 గంటలు ఆగాలి. అందుకే ఆపరేషన్ టైము తెలియకుండా సూది వేస్తే చిక్కే. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్లకు మోతాదు తగ్గించాలి.

ఆపరేషన్ మర్నాడే లేపి కూర్చోబెడతారు. ‘అవ్వా, పాదం పైకీ కిందికీ ఆడించవ్వా’ అని నర్సు గంటగంటకూ గుర్తుచేస్తుంది. కాలు కదిలిస్తే అతుకు ఊడుతుందని భయపడే కొడుక్కి నచ్చజెప్పడం ఇంకా కష్టం.

ఇంటికెళ్లాక సూది వేయడం కోడలికో కూతురికో నేర్పుతారు. బొడ్డుకు రెండంగుళాల అవతల చర్మాన్ని మడతలా పట్టుకుని, సూది నిలువుగా గుచ్చాలి. సిరంజిలోని చిన్న గాలి బుడగను బయటికి నెట్టకూడదు, వేశాక రుద్దకూడదు. ఈ మందు 35 రోజుల దాకా వాడవచ్చని వైద్య మార్గదర్శకాలు చెబుతాయి. కుట్లు విప్పగానే అంతా అయిపోయిందనుకుని ఆపేసే ఇళ్లున్నాయి. డిశ్చార్జి చీటీలో చివరి సూది తేదీ, ఒక పిక్క వాచినా ఆయాసం వచ్చినా వెంటనే రావాలన్న మాట తెలుగులోనో కన్నడంలోనో రాసివ్వాలి.