తిరగని సారె: పునరుద్ధరణపై ఒక పరిశీలన

సూరత్ అనగానే జరీ, పట్టు, వజ్రాల పరిశ్రమ స్ఫురిస్తాయి గాని మట్టి స్ఫురించదు. అయితే ఆ నగరానికి తూర్పున చౌధరీ, గామిత్ మొదలైన గిరిజనులు దేవతలకు మొక్కుబడిగా సమర్పించే మట్టి గుర్రాలు, గుమ్మటాలు భారతీయ మృణ్మయ కళలో విశిష్టమైనవి. వీటిని లోకం దృష్టికి తెచ్చినవారిలో చిత్రకారుడు హకు షా (1934–2019) ముఖ్యుడు. ఆయన జన్మస్థలమైన వాలోడ్ నాడు సూరత్ జిల్లాలోనిది. 2007 నుండి తాపీ జిల్లాలో ఉన్నది. గుజరాత్ మొక్కుబడి మృణ్మయాలపై ఆయన రచించిన గ్రంథం 1985లో వెలువడింది.

హకు షా వస్తువును దాని కర్త నుండి, వినియోగం నుండి విడదీసి చూడలేదు. గుర్రపు దేహం, మెడ, కాళ్లు సారెపై బోలు గొట్టాలుగా రూపొంది, అటుపై చేతితో అతకబడతాయి. కనుక సారె భ్రమణాన్ని ఎరుగనివాడు ఆ గుర్రాన్ని సగమే చూస్తాడు. తెలుగునాట పెళ్లికి అయిరేని కుండలను కుమ్మరి ఇంటి నుండి మేళతాళాలతో తెచ్చే ఆచారం కూడా పాత్రతోపాటు దానిని చేసిన చోటుకు దక్కే గౌరవమే.

ఈ దృష్టితో, తుప్పు పట్టిన పాత సారెను బాగుచేసే పద్ధతిని విమర్శించవలసి ఉన్నది. మన గ్రామాల్లో ఎక్కువగా కనిపించేది కర్రతో తిప్పి వదిలే సారె. కాలితో తన్ని తిప్పే సారె సింధు, పంజాబు ప్రాంతాల్లో గుంటలో అమర్చబడి చిరకాలంగా ఉన్నది. ఇనుప ఇరుసు, బేరింగులు గల దాని ఆధునిక రూపం కళాశాలల్లోనూ, కళాకారుల కార్యశాలల్లోనూ వ్యాపించింది. ఇందులో కింది చక్రపు బరువే వేగాన్ని నిలుపుతుంది. ఇరుసు ఏమాత్రం ఊగినా పైపలకపై మట్టిముద్ద నడిమికి కుదరదు. కావున బేరింగులోని తుప్పు ప్రాచీనతకు చిహ్నం కాదు, రోగం. పాదాల ఒరిపిడికి నునుపెక్కిన చక్రపుటంచు, అరిగిన ఆసనం మాత్రం పనివాని శరీరం వ్రాసిన చరిత్ర.

సాధారణంగా జరిగేది ఇందుకు విపర్యయం. ఉపరితలమంతా గీకి, రంగు పూసి, బిగుసుకొన్న బేరింగును అట్లే వదలి ప్రదర్శనకు పెడతారు. సాక్ష్యం నశిస్తుంది, రోగం మిగులుతుంది. కొత్త బేరింగు వేస్తే ప్రామాణికత చెడుతుందనే వాదం ఉన్నది. కట్టడాల పరిరక్షణకై 1964లో రూపొందిన వెనీస్ ఒడంబడిక ఇక్కడ ఉపకరిస్తుంది: కొత్తగా చేర్చిన భాగం మొత్తంతో పొసగాలి, కాని మూలభాగం నుండి వేరుగా గుర్తింపబడాలి. తీసిన బేరింగును చీటీ కట్టి భద్రపరచి, మార్చిన తేదీని నమోదు చేస్తే ప్రామాణికతకు లోటు రాదు.

ఖాదీ, గ్రామోద్యోగ సంఘం 2018 నుండి కుమ్మరులకు విద్యుత్ సారెలను పంపిణీ చేస్తూ వచ్చింది. శ్రమ తగ్గించే ఆ ప్రయత్నం హర్షణీయమే. కాని కొత్తది వచ్చిన చోట పాతది పాత ఇనుముకు చేరుతుంది. కనుక సేకరణ బాధ్యత గల అధికారులు మొదట సారెను ఉన్నదున్నట్లు చిత్రించి, కొలిచి, పిదప భ్రమణానికి అడ్డువచ్చే తుప్పును మాత్రమే తొలగింపజేయాలి. పని పూర్తయినదో లేదో నిర్ణయించే అధికారం మాత్రం దానిపై కుండ చేసి చూచే కుమ్మరికి ఉండాలి.