చేప లేని సమాసం

బడిలో విగ్రహవాక్యాలు రాయించిన తెలుగు పంతుళ్ల చలవ, ఏ భాషలో సమాసం కనబడినా విడదీసి చూడందే నాకు తోచదు. ఈ అలవాటుకు ఫిన్నిష్ భాషలో దొరికినంత మేత మరెక్కడా దొరకలేదు. తియెతొ అంటే జ్ఞానం, కొనె అంటే యంత్రం, తియెతొకొనె అంటే కంప్యూటర్. సన అంటే మాట, కిర్య అంటే పుస్తకం, సనకిర్య అంటే నిఘంటువు.

అన్నీ ఇలాగే విడిపోతాయనుకుంటే లొహిక్యార్మె దగ్గర దెబ్బతింటాం. ఈ మాటకు అర్థం డ్రాగన్. లొహి సాల్మన్ చేప, క్యార్మె పాము. చేపలాంటి పామా, చేపల్ని మింగే పామా? పొలుసులు చూసి ఆ పేరు పెట్టారా? విగ్రహవాక్యం ఎన్ని రకాలుగా చెప్పినా కుదురుతుంది. కానీ అసలు ఇందులో చేపే లేదు.

ఫిన్లాండ్ 1809 దాకా, కొన్ని వందల ఏళ్లు, స్వీడన్ ఏలుబడిలో ఉంది. పాత స్వీడిష్‌లో ఫ్లొగ్‌డ్రాకి అంటే ఎగిరే డ్రాగన్. మాట మొదట్లో జంట హల్లులు ఫిన్నిష్ నోటికి పడేవి కావు. ముందువి రాలిపోయి చివరిదే నిలిచేది. స్వీడిష్ స్ట్రాండ్ (తీరం) రంత అయింది, గ్లాస్ లసి అయింది. మన పల్లెల్లో స్టేషన్ టేషనైన తోవ ఇదే. అలాగే ఫ్లొగ్‌లో ముందు హల్లు పోయి, మిగిలిన ముక్క లొహి అని వినబడింది. రెండో ముక్క డ్రాకిని మాత్రం అరువు తెచ్చుకోకుండా తమ పాము పేరుతో అనువదించుకున్నారు. ఒకే సమాసంలో సగం శబ్దాన్ని, సగం అర్థాన్ని తీసుకున్నారన్నమాట. నాకు అన్నిటికన్నా నచ్చేది ఈ ఏర్పాటే.

అక్కడ సాల్మన్‌ను విన్నవాళ్లను నేను తప్పుపట్టను. తెలియని ముక్కలో తెలిసిన జీవిని వినడం మాట్లాడేవాళ్ల హక్కు. విడదీసేవాడు మాత్రం అర్థానికి ముందు ఉచ్చారణ దగ్గర ఆగాలి. ఎగరడమనే అర్థమున్న ఆ ఫ్లొగ్‌ను స్వీడిష్ వాళ్లే వదిలేశారు. ఇప్పుడు వాళ్లకు డ్రాగన్ అంటే ఒట్టి ద్రాకె.

పోనీ, క్యార్మె అయినా ఇంటిమాటేనా అంటే, అదీ బాల్టిక్ భాషల నుంచి వచ్చిందని పండితులంటారు. లిథువేనియన్‌లో కిర్మిస్ అంటే పురుగు. సంస్కృతంలో దాని చుట్టం కృమి. మన క్రిమి అక్కణ్నించి వచ్చిందే.