అడ్డా మీద నీడ

బొమ్మ వేసేవాడు కూర్చోగానే మొదట చూసేది నీడను. వెలుగు ఎటునుంచి పడుతోంది, ఏ గోడ నీడ ఎంతదూరం పాకింది అన్నది తేలకుండా పెన్సిల్ కదలదు. ఇరవై ఏళ్లుగా పోస్టర్లూ పుస్తకాల బొమ్మలూ వేస్తున్నాను. ఈ అలవాటుతో ఊరి పాలనకు కూడా పనుందని రెండేళ్ల కిందటి వేసవిలో తెలిసింది.

ఒక పట్టణంలో వడదెబ్బ మీద పోస్టర్ వేయమన్నారు. మాటలు వాళ్లే రాసిచ్చారు: మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా ఇంట్లోనే ఉండండి, నీళ్లు బాగా తాగండి. గొడుగు పట్టుకున్న తల్లిని, పక్కన మట్టికుండను గీసి ఇచ్చాను. కూలీల అడ్డా ఎదుటి గోడకు అతికించారు. చూద్దామని వెళ్తే ఓ పెద్దావిడ ఆపింది. "ఇంట్ల ఉండుమని రాసినవ్ గదా బిడ్డా, మా రేకుల ఇంట్ల మధ్యాహ్నం ఒక్క గంట కూసొని చూడు."

వెళ్లి కూర్చున్నాను. ఇరవై నిమిషాలకే బయటికొచ్చేశాను. వీధిలో ఎండే నయమనిపించింది. నా బొమ్మలో ఆ ఇల్లు లేదు.

తర్వాత నాలుగు రోజులు స్కెచ్ పుస్తకం పట్టుకుని అడ్డా మీదే ఉన్నాను, గంటకో బొమ్మ చొప్పున. పొద్దున పదకొండింటిదాకా చలివేంద్రం మీద పక్క మేడ నీడ ఉంటుంది. ఒంటిగంటకల్లా కుండలు ఎండలో కాగుతుంటాయి, నీళ్లు నోట పెట్టుకోలేం. రోడ్డుకు అవతల వేపచెట్టు కింద రోజంతా చల్లగానే ఉంటుంది గానీ అక్కడ మగవాళ్లు పడుకుంటారు, ఆడవాళ్లు వెళ్లరు. మూసిన షాపు మెట్ల మీద, జానెడు నీడలో, కాళ్లు ముడుచుకుని కూర్చుంటారు. పక్కన కూర్చుని గీస్తుంటే రెండో రోజున వాళ్లే చెప్పారు, దగ్గర్లో మరుగుదొడ్డి లేదని, అందుకే దాహమేసినా నీళ్లు తాగరని. 'నీళ్లు బాగా తాగండి' అని రాసిన నా పోస్టర్ ఎదురుగానే ఉంది.

ఆ బొమ్మలు తీసుకెళ్లి పోస్టర్ వేయమన్నవాళ్లకు చూపించాను. వేసవి ప్లాన్ ఎప్పుడో ఖాయమైందన్నారు. బొమ్మలు బాగున్నాయి, ఎగ్జిబిషన్ పెడదామన్నారు.

ప్లాన్లు వద్దనడం లేదు. 2010 మే నెలలో అహ్మదాబాద్‌లో ఎండలకు మామూలుకన్నా 1,344 మంది ఎక్కువగా చనిపోయారని తర్వాతి అధ్యయనంలో తేలింది. 2013లో ఆ నగరం తెచ్చిన హీట్ యాక్షన్ ప్లాన్ దక్షిణాసియాలోనే మొదటిది. డాక్టర్లూ వాతావరణ నిపుణులూ కలిసి చేసిన గొప్ప పని అది. 2023లో తెలంగాణ కూల్ రూఫ్ విధానం ప్రకటించింది. 300 చదరపు కిలోమీటర్ల మేర కప్పులను ఎండను తిప్పికొట్టేలా మార్చాలని లక్ష్యం. అయితే 600 చదరపు గజాల లోపు స్థలాల్లోని ఇళ్లకు అది ఐచ్ఛికం. చిన్నవాళ్ల మీద భారం పడకూడదనే అలా పెట్టి ఉండొచ్చు. కానీ ఆ పెద్దావిడ ఇల్లు అరవై గజాలు కూడా ఉండదు. అందరికన్నా ఎక్కువ కాగేది ఆ కప్పే.

కళ ఊరి పనిలో పాలుపంచుకోవడం మనకు కొత్త కాదు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా అక్షరాస్యత ఉద్యమంలో కళాజాతాలు ఊరూరా తిరిగాయి. వాచకంలో సారా గురించిన సీతమ్మ కథలో దూబగుంట అనే ఊరి ఆడవాళ్లకు తమ ఇల్లే కనిపించింది. సారా దుకాణాలు మూయించారు. 1993 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అంతటా సారా నిషేధం వచ్చింది. అటు న్యూయార్క్ పారిశుధ్య శాఖ 1977లో మియెర్లే లాడెర్మన్ యూకెలెస్ అనే కళాకారిణిని తన దగ్గరే పెట్టుకుంది. ఆమె 8,500 మంది కార్మికులను కలిసి, ఒక్కొక్కరితో చేయి కలిపింది.

మన దగ్గర కళాకారుణ్ని పిలిచేది అంతా అయ్యాక, గోడకు రంగులేయడానికి. కమిషనర్లకూ వార్డు సభ్యులకూ నా విన్నపం ఒకటే. వచ్చే వేసవి ప్లాన్ కాగితం మీదికి రాకముందే మీ ఊళ్లో బొమ్మలు వేసేవాళ్లను, ఇళ్లు డిజైన్ చేసేవాళ్లను పిలవండి. వాళ్లను నాలుగు రోజులు అడ్డాల దగ్గర, బస్టాండ్లలో, రేకుల ఇళ్లలో కూర్చోబెట్టండి. ఆ నాలుగు రోజులకూ కూలి ఇవ్వండి. వాళ్లు గీసుకొచ్చినవి చూశాకే చలివేంద్రం ఎక్కడ పెట్టాలో రాయండి.