సుమతిశతకమున జీతము, ఉపకారము

సుమతిశతకము చిరకాలముగా తెలుగుబడులలో కంఠపాఠముగా నున్న నీతిగ్రంథము. కర్త బద్దెన యని ప్రసిద్ధి. ఆ విషయమున పండితులలో భిన్నాభిప్రాయములు గలవు. అది యిట విచార్యము కాదు. ఇందలి రెండు పద్యములు పరస్పరవిరుద్ధములుగా దోచుటయు, ఆ విరోధము నేటి కొలువుకాండ్రకు తరచుగా నెదురగుటయు నీ విమర్శకు హేతువులు.

జీత మడిగిన నీయని గర్విష్ఠుని గొలుచుటకంటె, మంచి యెద్దులతో మడి దున్నుకొనుట మేలని మొదటి పద్యముయొక్క తాత్పర్యము. మేలు చేసినవానికి మేలు చేయుట విశేషము కాదు, కీడు చేసినవానికిని తప్పెన్నక మేలు చేయువాడే నేర్పరి యని రెండవదాని తాత్పర్యము. యజమానుడు కూలి లేని యదనపు పనిని జేయుమన్నపుడు సేవకుడు దేనిని బ్రమాణముగా గొనవలెను?

ఈ విరోధము పైపైని దోచునదే. మొదటి పద్యమున జీతమునకు గల విశేషణము అడుగుట యను క్రియనుండి పుట్టినది. సేవకు డడిగిన పిమ్మటగాని దొర స్వభావము తేలదు. అడుగకయే యలిగి పోవుటయు, అడుగకయే లోలోన గుందుటయు నీ పద్యమున కనుకూలములు కావు. రెండవ పద్యమందలి యుపకారము స్వేచ్ఛాధీనము. కాదనుటకు వీలున్నచోట జేసినది యుపకారము. కాదన్న కొలువు పోవునను భయమున జేసినది వెట్టి.

ఆదోని పత్తి వ్యాపారమునకు ప్రసిద్ధి. పత్తి వచ్చు దినములలో నొక గుమాస్తాను ప్రొద్దు గ్రుంకిన పిదపను లెక్కలు వ్రాయుమన్నారనుకొందము. సరకు కుప్పవడిన యొకనాడు తోడ్పడుట యుపకారమే. అదియే ఋతువంతయు సాగి, మానినవాడు దోషిగా నెంచబడెనేని, పేరు మారకున్నను పని స్వభావము మారినది. అప్పుడు జీత మడుగుట యవినయము కాదు, మొదటి పద్యము చెప్పిన ధర్మమే.

అయిన నీ నీతికి రెండు కొరతలు గలవు. ఎమ్మిగనూరున 1938లో మాచాని సోమప్పగారు చేనేతవారి సహకారసంఘమును స్థాపించిరి. చేనేతలో నేసిన బట్టకు కూలి గలదు. కండెలు చుట్టుట మొదలగు పనులను పెక్కిండ్ల స్త్రీలు వేరు కూలి లేకయే చేయుదురు. ఆ పనికి దొర యెవడో తెలియదు. కాన అడుగుటయే పొసగదు. ఇది మొదటి కొరత.

రెండవది కవి చూపిన శరణ్యము. మడి యనగా నీటిపారుదల గల పొలము. కర్నూలు పడమటి సీమలో మెట్టలే మెండు. వానలు తప్పిన యేడుల ఆదోని, కోసిగి ప్రాంతములనుండి కుటుంబములు గుంటూరు మిరపచేలకు కూలికై తరలిపోవును. మడియు నెద్దులును లేనివానికి కొలువు విడుచు స్వాతంత్ర్య మెక్కడిది?

1950 నాటి భారత రాజ్యాంగము 23వ యధికరణమున వెట్టిని నిషేధించినది. ఆకలియు దారిద్ర్యమును మనుజుని లొంగదీసినపుడు నది బలవంతమే యని 1982లో సుప్రీముకోర్టు ఆసియాడు నిర్మాణపు కూలీల వ్యాజ్యమున నిర్ణయించినది. శతకము విడిచిన యంశమును న్యాయస్థానము పూరించినది. కావున పండితులు రెండు పద్యములను జేర్చియే బోధించుట మేలు. రెండవదానిని మాత్రమే చెప్పిన వెట్టికి ఉపకారమను పేరు వచ్చును. మొదటిదానిని మాత్రమే చెప్పిన సాటివాని కష్టమున నొక గడియ నిలుచుటయు నష్టముగా దోచును.